చిన్నగొంతు కదిరమ్మ చాటింపు

రండి, రండి. ఆ చివర కూర్చున్న తల్లీ, ఇట్లా ముందుకు జరుగు. పెద్దాయనా, గోడ వారన చోటుంది, వీపు ఆనించుకో. పిల్లలూ, కాళ్ళు ముడుచుకోండి, వెనకవాళ్ళకి చోటివ్వండి. ఇంకొంచెం దగ్గరగా. ఇది అరిచి చెప్పే కథ కాదు.

నోటికి మాటిచ్చిన తల్లికి ఒక దండం. చెవికి ఓపికిచ్చిన నరసింహసామికి ఒక దండం. మీకూ ఒక దండం. వినేవాళ్ళు లేకపోతే చెప్పేవాళ్ళది ఒట్టి గాలి.

అనగనగా, ఏండ్లకి లెక్క లేని కాలం. వాగులకి పేర్లుండేవి, బాటలకి పేర్లుండేవి, ఏండ్లకి మాత్రం పేర్లు లేవు. ఆ కాలంలో ఎర్రవాగు గట్టున ఎర్రవాగుపల్లె అని ఒక ఊరు. ఊరికి మూడు వాడలు. మగ్గాల వాడలో సాలెవాళ్ళు. సారెల వాడలో కుమ్మరివాళ్ళు. వాగుకి ఆవలి గట్టున, కొండ కింద, గొర్రెల దొడ్లతో కురబవాళ్ళు. ఊరి చివర, ఈ మూడు వాడలకీ దూరంగా, ఒకే ఒక్క గుడిసె. అది డప్పు గుడిసె.

ఊరి పెద్ద బసిరెడ్డి. ఆయన మాట ఊరికి చెప్పాలంటే డప్పు గుడిసె మనిషి రావాలి. వాగు గట్టున ఒక పెద్ద బండ ఉండేది, చాటింపు బండ. దాని మీద నిలబడాలి. మూడు దెబ్బలు కొట్టాలి. కేక వేయాలి. దిగి వెళ్ళిపోవాలి. అంతే. వెళ్ళిపోయాక ఎవరూ ఏమీ అడగకూడదు. అది ఆ ఊరి కట్టు. బసిరెడ్డి నాయన పెట్టాడో, తాత పెట్టాడో, ఎవరికీ గుర్తు లేదు. కట్టు మాత్రం అందరికీ గుర్తుంది.

"చాటింపుకి ఎదురు ప్రశ్న లేదు."

పెద్దరెడ్డి మాట బాణమంట. బాణాన్ని పట్టుకుని "ఎక్కడికి పోతున్నావు నాయనా?" అని అడుగుతామా? అడగం కదా. అట్లాగే అడగకూడదంట.

డప్పు గుడిసెలో ముత్యాలప్ప ఉన్నన్నాళ్ళు ఊరికి దిగుల్లేదు. ఏం గొంతు అది! బండెక్కి ఆయన కేక వేస్తే కొండ మీద మేకలు నమలడం ఆపేవి. అట్లాంటి ముత్యాలప్ప ఒక ఎండాకాలం జ్వరమొచ్చి కన్ను మూశాడు. గుడిసెలో మిగిలింది రెండే. ఒకటి డప్పు. ఇంకొకటి ఆయన పెళ్ళాం కదిరమ్మ.

కదిరమ్మ గొంతు పావురాయి గొంతు. కూత వేసినా పక్కింటికి పోదు. పక్క ఇల్లే లేదనుకోండి, అది వేరే సంగతి.

పదకొండో రోజు కర్మ అయ్యాక కదిరమ్మ డప్పు చంకన పెట్టుకుని బసిరెడ్డి వాకిట్లో నిలబడింది.

"రెడ్డి సామీ, మా ఇంటాయన డప్పు నేను పడతా."

అక్కడే గుర్రానికి మాలీసు చేస్తున్నాడు తిప్పన్న. రెడ్డి గుర్రం చూసేది ఇతనే. మీసం జానెడు, గొంతు మూరెడు. తిప్పన్న నవ్వాడు. గుర్రం కూడా సకిలించింది.

"ఏందక్కా, నువ్వు చాటింపు వేస్తావా? నువ్వు దగ్గితే నీకే వినపడదు! సామీ, ఆ డప్పు నాకియ్యి. ఊరు ఊరంతా ఉలిక్కిపడేట్టు అరుస్తా."

బసిరెడ్డి గడ్డం గోక్కున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తొందర మనిషి, అంతే. ముత్యాలప్ప ఇరవై ఏండ్లు చేసిన చాకిరీ గుర్తొచ్చింది.

"మూడు చాటింపులు నీకిస్తా కదిరమ్మా. మూడింట్లో రెండు ఊరికి చేరాలి. చేరితే డప్పు నీది. చేరకపోతే తిప్పన్నది. డప్పు ఎవరిదో గుడిసె వాళ్ళది."

అర్థమైంది కదా? డప్పు పోతే గుడిసె పోతుంది. గుడిసె పోతే ఊరు పోతుంది. మొగుణ్ణి పూడ్చిన మట్టి ఇంకా తడి ఆరలేదు, ఆ మట్టిని వదిలి ఏ దేశం పోతుంది ఆ తల్లి?

కదిరమ్మ తల ఊపింది. "సరే సామీ."

మొదటి చాటింపు. "మంగళవారం సుంకులమ్మ తల్లి జాతర. అందరూ రావాలి."

కదిరమ్మ బండెక్కింది. మూడు దెబ్బలు కొట్టింది. మొగుడు ఎట్లా నిలబడేవాడో అట్లాగే నిలబడింది, ఎట్లా అరిచేవాడో అట్లాగే అరిచింది. మెడ నరాలు తేలాయి. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అరిచి, దిగి, వెళ్ళిపోయింది.

మంగళవారం వచ్చింది. సుంకులమ్మ తల్లి గుడి ముందు మామిడి తోరణాలు కట్టారు. పూజారి పసుపు కుంకుమ సిద్ధం చేశాడు. బసిరెడ్డి కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. పొద్దెక్కింది. ఎవరూ రాలేదు. ఇంకా పొద్దెక్కింది. ఎవరూ రాలేదు. జాతరలో ఉన్నది ముగ్గురే. పూజారి, రెడ్డి, అమ్మవారు. "ఏరి నా బిడ్డలు?" అని అమ్మవారు కూడా అటూ ఇటూ చూసిందంట!

మాట పోయింది. చేరలేదు.

"ఒకటి పోయింది" అన్నాడు బసిరెడ్డి పళ్ళ మధ్య నుంచి. తిప్పన్న మీసం దువ్వుకున్నాడు.

ఇంకొకరైతే గుడిసెలో కూర్చుని ఏడ్చేవాళ్ళు. కదిరమ్మా ఏడ్చింది. కొంచెం సేపు. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. ముత్యాలప్ప ఇరవై ఏండ్లలో ఎన్నడూ చెయ్యని పని ఒకటి చేసింది. వాడవాడకీ పోయి అడిగింది. "ఎందుకు రాలేదు?" అని నిలదీయలేదు. "నా మాట నీ దాకా ఎట్లా వచ్చింది తల్లీ?" అని అడిగింది.

ముందు మగ్గాల వాడ. డప్పు గుడిసె మనిషి వీధి మొగలోనే ఆగాలి, గడప దగ్గరికి రాకూడదు. అది ఆ కాలపు పద్ధతి. చెడ్డ పద్ధతి. కదిరమ్మ వీధి మొగలో నిలబడి పిలిచింది. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచింది. పలకలేదు. మూడోసారి పిలుస్తుంటే సాలె గంగులమ్మ కాళ్ళు చాపుకోడానికి బయటికొచ్చి చూసింది.

"ఎంతసేపైంది వచ్చి? పిలవొచ్చు కదమ్మా!"

"పిలుస్తానే ఉన్నా తల్లీ."

గంగులమ్మ నవ్వింది. "రా. పర్లేదు, లోపలికి రా. ఈ గుంటలో కూర్చో." గుంట మగ్గంలో కదిరమ్మను కూర్చోబెట్టింది. పక్క మగ్గాలు ఆడుతున్నాయి. నాడె అటు కొట్టు, ఇటు కొట్టు. టకటక, టకటక. గంగులమ్మ రెండడుగుల దూరంలో నిలబడి నోరు ఆడించింది. కదిరమ్మకి ఒక్క ముక్క వినపడలేదు.

"చూసినావా?" అంది గంగులమ్మ చెవిలో. "మీ ఆయన కేక కూడా మాకెన్నడూ వినపడలేదు. పక్క వాడవాళ్ళు పరిగెత్తితే మేమూ పరిగెత్తేవాళ్ళం. మొన్న వాళ్ళు పరిగెత్తలేదు. మేమూ పరిగెత్తలేదు."

తర్వాత వాగు దాటింది. వాగంటే ఏముంది, ఇసుకే. మూడేండ్లుగా చినుకు లేదు. ఇసుకలో చెలమలు తవ్వి, గ్లాసెడు గ్లాసెడు ఊరే నీళ్ళని ముంచుకుంటున్నారు జనం. కురబవాళ్ళ దొడ్లు కూడా ఇసుకలోకే దిగాయి. ఆవలి గట్టున గొంగడి కప్పుకుని బీరప్ప కూర్చున్నాడు. ముసలాయన, చెవి మాత్రం పదును.

"బీరప్ప తాతా, మొన్న నా డప్పు వినపడిందా?"

"బాగా వినపడిందమ్మా."

"మరి?"

"అందుకే కొండెక్కి దాక్కున్నాం."

కదిరమ్మ నోరు తెరిచింది.

"అట్లా చూస్తావేం తల్లీ? ఆ డప్పు దెబ్బ మోగిందంటే మాకు వెట్టి పనికి పిలుపే. రెడ్డి కళ్ళం చదును చెయ్యాలి, రెడ్డి బాట బాగు చెయ్యాలి. నా పుట్టుక నుంచి ఒక్క మంచి మాటకి డప్పు మోగిందా? మొదటి దెబ్బకే మేము కొండ మీద ఉంటాం. మూడో దెబ్బకి గొర్రెలు కూడా మా వెనకే ఉంటాయి. వాటికీ అలవాటైపోయింది."

మూడోది సారెల వాడ. కుమ్మరి సాలమ్మ సారె మీద మట్టి పెట్టి కూర్చుంది. సాలమ్మకి నోరెక్కువ, మనసు అంతకంటే ఎక్కువ.

"నేను విన్నా కదిరీ! ఒక్క ముక్క వదలకుండా విన్నా. మంగళవారం జాతర అన్నావు. ఏ మంగళవారం? ఈ మంగళవారమా, పై మంగళవారమా? అమావాస్య ముందరా, వెనకా? మా వాడంతా తలలు పట్టుకున్నాం. ఒకడు ఈ వారమే అన్నాడు. ఇంకోడు పై వారమే అన్నాడు. ఇద్దరూ కొట్టుకున్నారు, రెండు కుండలు పగిలినాయి."

"నన్నడగొచ్చు కదక్కా!"

సాలమ్మ మట్టి చేతులు రెండూ ఎత్తింది. "ఎట్లా అడిగేది? చాటింపుకి ఎదురు ప్రశ్న లేదు కదా!"

కదిరమ్మ ఆ మాట విని మట్టి కుప్ప మీద అట్లాగే కూర్చుండిపోయింది. తర్వాత నవ్వింది. మొగుడు పోయాక నవ్వడం అదే మొదలు. ఒకరికి వినపడలేదు. ఒకరు భయపడ్డారు. ఒకరు అడగలేకపోయారు. ఇంతకాలం ఊరంతా గొంతు గొంతు అని గొంతునే చూసింది. చెవిని చూసినవాళ్ళు లేరు!

రెండో చాటింపు వచ్చింది. "సోమవారం వాగు బాట బాగుచెయ్యాలి. ఇంటికొక మనిషి, మనిషికొక తట్ట. అది రెడ్డికి వెట్టి కాదు, ఊరి బాట, ఊరందరిదీ."

కదిరమ్మ బండెక్కలేదు. తిప్పన్న చూసి, "అక్క దారి మర్చిపోయినట్టుంది!" అన్నాడు. ఆమె వాడల దారి పట్టింది.

మగ్గాల వాడకి సంగటి వేళకి పోయింది. మగ్గాలన్నీ ఆగి, అందరూ చేతులు కడుక్కుంటున్న వేళ. మెల్లగా చెప్పింది. మెల్లగా చెప్పినా అందరికీ వినపడింది. గొర్రెల దొడ్లకి డప్పు బోర్లించుకుని, పైన కొంగు కప్పుకుని పోయింది, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు. బీరప్ప పక్కన కూర్చుంది. ముందు గొర్రెల బాగోగులు అడిగింది, తర్వాత మాట చెప్పింది. సారెల వాడలో సాలమ్మ పక్కన కూర్చుని చెప్పింది, చెప్పాక లేచి పోలేదు.

"ఇప్పుడు నువ్వు చెప్పక్కా. నేనేం చెప్పినా?"

"ఏందే, నాకు పరీక్ష పెడుతున్నావా?"

"నీకు కాదక్కా. నాకు. నేను సరిగ్గా చెప్పినానో లేదో నీ నోట వింటే కదా నాకు తెలిసేది."

సాలమ్మ చెప్పింది. "సోమవారం. అంటే ఈ సోమవారం, అమావాస్య ముందర సోమవారం. వాగు బాట. ఇంటికొకరు, మనిషికొక తట్ట. వెట్టి కాదు. అంతేనా?"

"అంతే. చేరింది" అంది కదిరమ్మ.

మూడు వాడల్లోనూ అట్లాగే అడిగింది. మూడు వాడల్లోనూ తిరిగి చెప్పారు. కానీ బీరప్ప తిరిగి చెప్పి, పైన ఇంకో మాట అన్నాడు.

"చేరింది తల్లీ, బాగానే చేరింది. కానీ సోమవారం మాకు ఉన్ని కత్తిరింపు. మధ్యలో వదిలి రాలేం. సగం కత్తిరించిన గొర్రెని చూసి మిగతా గొర్రెలు నవ్వుతాయి. బుధవారమైతే మా దొడ్లన్నీ కదిలొస్తాయి. ఇంటికొకరు కాదు, ఇద్దరు."

ఇప్పుడేం చెయ్యాలి? ఎర్రవాగుపల్లెలో మాట పైనుంచి కిందికే పోయింది. కింది నుంచి పైకి పోయిన మాట ఒక్కటి లేదు. ఆ మాటని నోట్లోనే మింగేసి, "చెప్పినా సామీ" అని చేతులు కట్టుకుని నిలబడితే కదిరమ్మకి ఏ గొడవా లేదు. కానీ సోమవారం నాడు కురబవాళ్ళు రారు. రెండో చాటింపూ పోతుంది. గుడిసె పోతుంది.

సుంకులమ్మ తల్లిని తలుచుకుంది. రెడ్డి వాకిట్లోకి నడిచింది. చెప్పింది.

బసిరెడ్డి ముఖం ఎర్రటి మిరపపండు అయింది.

"నేను మాట పంపితే నువ్వు మాట తెచ్చినావా? చాటింపుకి ఎదురు ప్రశ్నే లేదు, జవాబు కూడానా! నా నాయన కాలంలో ఇట్లా జరిగి ఉంటే..."

"సామీ" అంది కదిరమ్మ పావురాయి గొంతుతో. "చేదని బాయిలోకి వదులుతాం. అది ఒట్టి చేద అయి పైకొస్తే నీళ్ళ దాకా పోయినట్టా?"

అరుగు మీద ఆయన తల్లి పెద్దవ్వ కూర్చుని వక్కలు దంచుకుంటోంది. దంచడం ఆపింది.

"ఒరే బసీ. నీ నాయన కాలం అన్నావు కదా, ఒకటి చెప్తా విను. పెళ్ళైన కొత్తలో ఒకనాడు నేను పప్పులో ఉప్పు మరిచిపోయినా. మీ నాయన మాట్లాడకుండా తిన్నాడు. ఓహో, ఈయనకి చప్పిడి పప్పు ఇష్టం కాబోలు అనుకున్నా. ఆయనేమో, దీనికి చప్పిడి పప్పు ఇష్టం కాబోలు అనుకున్నాడు. ఈ ఇంట్లో ఎదురు ప్రశ్న లేదు కదా. నలభై ఏండ్లు, నాయనా! నలభై ఏండ్లు ఇద్దరం ఉప్పు లేని పప్పు తిన్నాం. పోయే ముందర, ప్రాణం గొంతులో ఉండగా, 'ఇప్పుడన్నా ఇంత ఉప్పెయ్యవే' అన్నాడు."

పెద్దవ్వ మళ్ళీ వక్కలు దంచడం మొదలుపెట్టింది. వాకిట్లో అందరూ నవ్వు ఆపుకోలేక చచ్చారు. చివరికి బసిరెడ్డికీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. నాయన గుర్తొచ్చినట్టుంది.

"సరే పో. బుధవారమే అని చెప్పు."

కదిరమ్మ మళ్ళీ మూడు వాడలూ తిరిగింది, "బుధవారం" అని మూడు వాడల నోటా అనిపించింది. బుధవారం నాడు వాగు బాట మీద కాలు పెట్టే చోటు లేదు. సాలెవాళ్ళు వచ్చారు. కుమ్మరివాళ్ళు వచ్చారు. కురబవాళ్ళు ఇంటికిద్దరు వచ్చారు. పెద్దవ్వ మజ్జిగ కుండ పంపింది, ఉప్పు వేసి. మూడు రోజుల పని ఒక్క పూటలో అయిపోయింది.

మాట పోయింది. చేరింది.

అయితే వినండి, ఇంకా అయిపోలేదు. ఒకటి పోయింది, ఒకటి చేరింది. మూడోది మిగిలింది.

మూడోది ఎవరూ అనుకోని పొద్దున వచ్చింది. ఆకాశం తెల్లగా కాలుతోంది. ఎర్రవాగుపల్లెలో చినుకు లేదు. ఎగువన, తూర్పు కొండల్లో మాత్రం రెండు రోజులుగా కుండపోత. ఎగువ ఊరి నుంచి గుర్రం మీద ఒక మనిషి వచ్చాడు, ఒళ్ళంతా బురద.

"రెడ్డీ! మా చెరువు కట్ట తెగింది! పొద్దు నడినెత్తికి రాకముందే నీళ్ళు మీ వాగులో ఉంటాయి!"

బసిరెడ్డి వాగు వైపు చూశాడు. వాగు ఇసుకలో ఏముంది? గొర్రెల దొడ్లున్నాయి. వాగు గట్టున ఏముంది? మగ్గాలున్నాయి, సారెలున్నాయి. చాటింపు కదిరమ్మది. కానీ భయమొచ్చినప్పుడు మనిషికి పెద్ద గొంతే గుర్తొస్తుంది.

"తిప్పన్నా! నువ్వు అరవరా!"

తిప్పన్న బండెక్కాడు. ఊపిరి బిగబట్టాడు. అరిచాడు. ఏం అరుపు అది! మగ్గాలు ఆగిపోయాయి. సారెలు ఆగిపోయాయి.

"నీళ్ళొస్తున్నాయి! వాగుకి నీళ్ళొస్తున్నాయి!"

అందరూ విన్నారు. ఒక్కరూ వదలకుండా విన్నారు. ఏం చేశారో తెలుసా?

మూడేండ్ల కరువు, నాయనలారా. చెలమలో గ్లాసెడు నీళ్ళకి గంటసేపు కాచుకునే జనం. ఆ జనంతో "నీళ్ళొస్తున్నాయి" అంటే ఏం చేస్తారు? ఇంట్లో ఉన్న కుండా, బిందే, ముంతా, గురిగీ తీసుకుని వాగులోకి పరిగెత్తారు! "తల్లి కరుణించింది!" అని పరిగెత్తారు. "ముందు నేను, ముందు నేను" అని పరిగెత్తారు. తిప్పన్న బండ మీద నుంచి ఇంకా గట్టిగా అరిచాడు. ఆయన ఎంత అరిస్తే వీళ్ళు అంత పరిగెత్తారు.

కదిరమ్మ డప్పు చంకన పెట్టుకుని వాగు గట్టుకి వచ్చేసరికి ఇదీ సంగతి. ఇటు చూస్తే నీళ్ళకి ఎదురుపోతున్న ఊరు. అటు చూస్తే ఇసుకలో దొడ్లు. నడి వాగు దాటి పోయి చెప్పే పొద్దు లేదు. గొంతు చూస్తే పావురాయి గొంతు.

ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "సుంకులమ్మా, ఈ చాటింపు నీది" అనుకుంది.

డప్పు తిప్పింది. కురబవాళ్ళు వెట్టి అనుకుని భయపడే ఆ మూడు దెబ్బలే కొట్టింది. డండం డండం డండడం!

బీరప్ప చెవి లేచింది. "ఓరి నాయనో, వెట్టి! ఎక్కండ్రా కొండ!" మొదటి దెబ్బకి కురబవాళ్ళు లేచారు. రెండో దెబ్బకి దొడ్ల తడికెలు తెరుచుకున్నాయి. మూడో దెబ్బకి గొర్రెలు కూడా కొండెక్కుతున్నాయి. ఒక్క గొర్రె వెనక్కి తిరిగి చూడలేదు!

వెట్టికి పోయేది కురబవాళ్ళే కాబట్టి ఈ గట్టు జనం ఆ దెబ్బకి కదల్లేదు. వీళ్ళకి వేరే మాట కావాలి. కదిరమ్మ డప్పు కింద పెట్టి దోవకి అడ్డంగా నిలబడింది. అందరికంటే ముందు వస్తున్నది ఎవరు? కుమ్మరి సాలమ్మ. నెత్తి మీద మూడు కుండలు. కదిరమ్మ ఆమె రెండు భుజాలూ పట్టుకుంది. కళ్ళల్లోకి చూసింది. అరవలేదు.

"అక్కా. ఇవి తాగే నీళ్ళు కాదు, మింగే నీళ్ళు. ఎగువ చెరువు తెగింది. వెనక్కి తిరిగి నక్కలగుట్ట ఎక్కు. నేనేం చెప్పినా?"

సాలమ్మ ఒక్క ఊపిరి తీసుకుంది. "మింగే నీళ్ళు. చెరువు తెగింది. నక్కలగుట్ట."

"చేరింది. నీ వెనకామెకి చెప్పు. చెప్పి, ఆమె నోట విను."

సాలమ్మ తిరిగింది. వెనక గంగులమ్మ ఉంది. భుజాలు పట్టుకుంది. "మింగే నీళ్ళు. చెరువు తెగింది. నక్కలగుట్ట. చెప్పు!" గంగులమ్మ చెప్పింది. "చేరింది!" గంగులమ్మ తిరిగింది. ఆమె వెనక ఇంకొకామె. ఆమె వెనక ఇంకొకామె. భుజాలు పట్టుకోవడం, చెప్పడం, వినడం. చేరింది. చేరింది. చేరింది. కుండల వరస చివరిదాకా పోయింది మాట. మొదటామెకి ఎట్లా చెప్పిందో చివరామెకీ అట్లాగే చేరింది, ఒక్క ముక్క పెరగలేదు, ఒక్క ముక్క తరగలేదు. వాగు వైపు పారుతున్న జనం మొత్తం ఊరి వెనక గుట్ట వైపు పారింది. కుండలు మాత్రం ఇంకా నెత్తి మీదే! దింపమని ఎవరూ చెప్పలేదు కదా. పెద్దవ్వని బసిరెడ్డే వీపున మోసుకుని ఎక్కాడు. చేతిలో వక్కల రోలు వదల్లేదంట ఆమె.

గుట్ట ఎక్కుతూ కదిరమ్మ వెనక్కి చూసింది. బండ మీద తిప్పన్న ఇంకా అరుస్తున్నాడు! కళ్ళు మూసుకుని, మెడ చాపి, "నీళ్ళొస్తున్నాయి!" అని. ఊరంతా వెళ్ళిపోయింది, ఆయనకి తెలియదు. తన అరుపు తన చెవుల్లోనే నిండిపోయింది. ఎగువన ఉరుములాంటి మోత మొదలైంది.

అందరూ పైకి పోతుంటే కదిరమ్మ కిందికి పరిగెత్తింది. బండెక్కి తిప్పన్న మీసం పట్టుకుని లాగింది.

"ఎవరు!"

"ఉష్. నోరు మూసి చెవి తెరువు తమ్ముడూ."

తిప్పన్న నోరు మూశాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. మూశాక వినపడింది, వాగు మోత. ఇద్దరూ గుట్టకి ఉరికారు. వాళ్ళ మడమలు తడిసేటప్పటికి చేతులందించి పైకి లాగారు జనం. ఆ చేతుల్లో సాలెవాళ్ళ చేతులున్నాయి, కుమ్మరివాళ్ళ చేతులున్నాయి, బసిరెడ్డి చెయ్యీ ఉంది. డప్పు గుడిసె మనిషి చెయ్యి పట్టుకుంటున్నామే అని ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు. తర్వాత కూడా గుర్తు రాకుండా చేసింది ఆ తల్లి సుంకులమ్మ.

ఎర్రటి నీళ్ళు వచ్చాయి. ఇసుక మునిగింది. బండ మునిగింది. గుంట మగ్గాలు నిండిపోయాయి. డప్పు గుడిసె కొట్టుకుపోయింది. నీళ్ళ మీద కదిరమ్మ డప్పు కూడా తేలుకుంటూ పోయింది. కానీ మనిషి? ఒక్క మనిషి పోలేదు. ఆవలి కొండ మీద బీరప్ప నిలబడి గొంగడి మూడుసార్లు ఊపాడు. అందరం క్షేమం అని దానర్థం. ఎవరూ చెప్పకుండానే అందరికీ అర్థమైంది.

మాట పోయింది. చేరింది.

నీళ్ళు తీశాక, ఆ గుట్ట మీదే, బసిరెడ్డి ఊరందరి ముందు నిలబడ్డాడు. "కదిరమ్మా, డప్పు నీదే. కొత్త డప్పు చేయిస్తా. గుడిసె ఊరి చివర కాదు, ఊరి నడుమ వేయిస్తా. ఇంకేం కావాలో అడుగు."

"సామీ, ఇక మీదట చాటింపుకి ఎదురు ప్రశ్న ఉండాలి."

బసిరెడ్డి కొంచెం సేపు ఆలోచించాడు. ఆయన ఆలోచించడం చూసి జనానికి భయమేసింది. ఆయన అన్నాడు, "ఎదురు ప్రశ్న ఉండాలి. నువ్వడిగింది అదే కదా?"

"చేరింది సామీ" అంది కదిరమ్మ. గుట్ట గుట్టంతా నవ్వింది.

ఆ తర్వాత కదిరమ్మ చాలా ఏండ్లు బతికింది. చాటింపు వేయడానికి పోయిన ఇంటల్లా ఒక పూట సంగటి తిని వచ్చేది. రెడ్డి మాట కిందికి తెచ్చేది, వాడల మాట పైకి తీసుకుపోయేది. ఆలుమగలు అలిగితే ఆమెను పిలిచేవాళ్ళు. ఆమె వెళ్ళి, తానేమీ చెప్పేది కాదు. "ఆయన ఏమన్నాడో నువ్వు చెప్పమ్మా. ఆమె ఏమందో నువ్వు చెప్పు నాయనా" అని కూర్చునేది. మూడోసారి చెప్పేటప్పటికి ఇద్దరికీ నవ్వొచ్చేది.

తల నెరిసింది. నడుం వంగింది. ఒక కార్తీక సోమవారం, పొద్దు వాలేవేళ, సాలమ్మ మనవరాలు ఏదో చెబుతుంటే వింటూ వింటూ కన్ను మూసింది. వింటూనే పోయింది ఆ తల్లి.

అప్పుడు ఊరికి దిగులు పట్టుకుంది. కదిరమ్మ పోయిందని ఎవరు చాటాలి? అందరూ తిప్పన్న వైపు చూశారు. మీసం తెల్లబడింది, గొంతు మాత్రం అట్లాగే ఉంది. బండెక్కుతాడనుకున్నారు. ఎక్కలేదు. మొదటి ఇంటి గడప దగ్గర కూర్చున్నాడు. ఎవరికీ తెలియని మెత్తటి గొంతుతో, "మన కదిరక్క పోయిందమ్మా" అన్నాడు. ఆ ఇంటివాళ్ళు "కదిరక్క పోయింది" అన్నారు. "చేరింది" అని లేచి రెండో ఇంటికి పోయాడు. రెండో ఇంటివాళ్ళు మూడో ఇంటికి పోయారు. మాట వాగు దాటింది. కొండెక్కింది. ఎగువ ఊరికి పోయింది, దిగువ ఊరికి పోయింది. ఆమెను సాగనంపడానికి వచ్చిన జనం సుంకులమ్మ జాతరలో కూడా ఎన్నడూ లేరంట.

ఇప్పటికీ ఆ వైపు పల్లెల్లో ఒక అలవాటుంది. ఎవరైనా కబురు తెస్తే ముందు కూర్చోమని మంచినీళ్ళిస్తారు. విన్నాక, విన్నది తిరిగి చెబుతారు. తెచ్చినవాళ్ళు "చేరింది" అన్నాకే లేస్తారు. పెళ్ళిలో తలంబ్రాలయ్యాక పెళ్ళికూతురు పెళ్ళికొడుకు చెవిలో ఒక మాట చెబుతుంది. ఆ మాట వాడు అందరి ముందూ గట్టిగా తిరిగి చెప్పాలి. సరిగ్గా చెబితే ఆడవాళ్ళంతా "చేరింది!" అని కేక పెడతారు. తప్పితే మళ్ళీ చెవి ఒగ్గాలి! మూడుసార్లు తప్పిన పెళ్ళికొడుకు నోట్లో చప్పిడి పప్పు పెడతారు. వాగు గట్టున ఆ బండ ఇంకా ఉంది. దాని మీద ఎవరూ నిలబడరు. పక్కపక్కన ఇద్దరు కూర్చుంటారు, దాని పేరే కదిరమ్మ అరుగు.

కథ విన్నారు. గొంతు పెద్దది లేదే అని దిగులుపడకండి. డప్పు లేదే అని దిగులుపడకండి. ఇంటికి పోయి, ఇంట్లో ఒక్కరి పక్కన కూర్చుని, వాళ్ళ మాట విని, వాళ్ళ మాటే వాళ్ళకి తిరిగి చెప్పండి. కదిరమ్మ చేసింది అదొక్కటే. అదొక్కటి గుర్తు పెట్టుకోండి, అదొక్కటి చెయ్యండి.

ఏదీ, ఆ చివరి తల్లితో మొదలుపెడదాం. కదిరమ్మ ఏం చేసింది? చెప్పు తల్లీ. నేను వింటున్నా.